తల్లి బేసిను

చచ్చిన చేపపిల్లల్ని బాతు ఈకతో ఏరుతున్నాను. బతికున్నవి గాజులా ఉంటాయి, చచ్చినవి తెల్లబడి బేసిను అడుగున పడి ఉంటాయి. ఈకను వాటి తిరుగుడుకి ఎదురు పెట్టకూడదు. పిల్లలన్నీ ఒకే వైపు గుండ్రంగా ఈదుతాయి కాబట్టి ఈకను కూడా వాటితో పాటే తిప్పుతూ, తెల్లటిది అంచుకి తగలగానే పైకి తీయాలి. పాలబొంత పిల్ల ఈ వయసులో గోటి వెడల్పంతే ఉంటుంది. రెండు నల్లటి కళ్ళు తప్ప ఒంట్లో రంగన్నది ఉండదు. కొత్తవాళ్ళెవరైనా మా పాకలోకి వచ్చి బేసినులోకి తొంగిచూస్తే, ఇందులో చేపలేవి అంటారు. తిరుగుతున్న ఆ చుక్కలే చేపలు.

ఫిర్దా నా పక్కన బల్ల మీద బోర్లా పడుకుని లెక్కల పుస్తకం తిరగేస్తోంది. నా చెల్లెలు, నాలుగో తరగతి. అమ్మా నాన్నా సురబయ పట్నంలో ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు, రెండు వారాలకోసారి వస్తారు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది నానమ్మ, నేను, ఇది.

"అక్కా, ఐదిస్తే మూడు తప్పు పెట్టింది టీచరమ్మ."

"ఏవి?"

"దగ్గరి వేలకి సవరించమంది. ఏడు వేల ఆరు వందల నలభైకి ఏడు వేలు రాశా. తప్పంట. రెండు వేల తొమ్మిది వందలకి రెండు వేలు రాశా. అదీ తప్పంట. ఆరు వేల నూట పదికి ఆరు వేలు రాస్తే మాత్రం ఒప్పంట. అన్నీ ఒకేలా చేశాను గదా. కొన్ని ఒప్పు, కొన్ని తప్పు ఎట్లా అవుతాయి?"

నానమ్మ గడప మీద కూర్చుని అల్లం, తాటిబెల్లం కాచిన నీళ్ళు తాగుతోంది. ఆ మాట విని గ్లాసు దించింది.

"రెండు వేల తొమ్మిది వందలుంటే రెండు వేలు అనక ఏమంటారే?" గొంతు బొంగురుగా వచ్చింది.

"మూడు వేలనాలంట."

"లేని వందకి పేరెట్టమందా మీ బడి?"

"మూడు వేలకి దగ్గరగా ఉంది గదా నానమ్మా, అందుకని."

"దగ్గరుంటే ఉన్నట్టేనా? పక్కింటి కోడి మనింటికి దగ్గరే. కూరొండుకుందామా?"

ఫిర్దా పకపకా నవ్వింది. నానమ్మ కూడా నవ్వబోయి దగ్గింది. నేను ఈక పక్కన పెట్టి ఆమె వీపు రాశాను.

మా ఇంట్లో లెక్క ఎప్పుడూ కిందికే దిగుతుంది. బేసినులో ఐదు వేల నాలుగు వందల పిల్లలుంటే ఐదు వేలంటాం. ఐదు వేల తొమ్మిది వందలున్నా ఐదు వేలే అంటాం. పైనున్నవి దారి బత్తెం. ప్లాస్టిక్ సంచుల్లో గాలి నింపి, లారీలో మూడు గంటలు కుదుపుతూ తీసుకెళ్తే కొన్ని చస్తాయి. చచ్చేవి పోగా, కొన్నవాడి చెరువులోకి మనం చెప్పిన లెక్క దిగాలి. నానమ్మ ఈ పాకలో నలభై ఏళ్ళుగా చేపపిల్లల్ని లెక్కపెడుతోంది. అంకెలు చదవడం రాదు. ఆమె చెప్పిన లెక్కని మళ్ళీ ఎత్తమన్నవాడు మాత్రం లేడు.

ఆ ఇంట్లో పుట్టిన పిల్ల ఏడు వేల ఆరు వందలకి ఏడు వేలే రాస్తుంది మరి.

"ఫిర్దా, ఇటు చూడు," అన్నాను. "పెద్ద రోడ్డు మీద కిలోమీటరు రాళ్ళున్నాయి కదా. రెండో రాయి దాటి తొమ్మిది వందల మీటర్లు నడిచావు. నీకు ఏ రాయి దగ్గర?"

"మూడోది."

"అంతే. బడిలో అడిగేది అదే. సగం దాటితే ముందు రాయి, దాటకపోతే వెనక రాయి. సరిగ్గా సగంలో ఉన్నా ముందుదే."

"మరి నానమ్మ లెక్క?"

"బడిది రాళ్ళ లెక్క. ఇంటిది చేపల లెక్క. రెండూ కలపకు."

అది తల ఊపి, తప్పులు దిద్దుకుని, సోయాగింజల టెంపే వేపుడుతో అన్నం తిని బడికి పరిగెత్తింది. పోతూ పోతూ "రాళ్ళ లెక్క, చేపల లెక్క" అని రాగం తీసింది.

ఆ రోజు నాకు పెద్ద రోజు. రెండు నెలలుగా నానమ్మ గొంతు పోతోంది. గొంతు లోపల చిన్న కాయ కాసిందనీ, గట్టిగా పాడితే ఉన్న గొంతు కూడా పోతుందనీ ఆస్పత్రిలో చెప్పారు. మా లెక్క మౌనంగా నడవదు. చిన్న తెల్ల గిన్నెతో ఐదేసి పిల్లల్ని ఎత్తి బేసినులో వదులుతూ, ఎన్నో గిన్నో పాడాలి. కొనేవాడు ఎదురుగా కూర్చుని వింటాడు. పాట ఆగిందంటే లెక్క తప్పిందని అర్థం. ఇరవై గిన్నెలైతే వంద. అప్పుడు "ఇరవై ఇంటికి" అని ఒక గవ్వని బల్ల మీద పెడతాం. పది గవ్వలైతే వాటిని తీసేసి ఒక శంఖం. చివర్న ఇరవైకి చాలకుండా మిగిలిన గిన్నెలకి చింతగింజలు.

నానమ్మని అక్కా అని పిలిచే తస్రిప్ బాబాయ్ మా దగ్గర పదిహేనేళ్ళుగా పిల్లల్ని కొని లమోంగన్ చెరువులకి తీసుకెళ్తాడు. కిందటివారం వచ్చినప్పుడు నానమ్మ దగ్గు విని, నా వైపు తిరిగి మెల్లగానే అన్నాడు.

"మునా, వచ్చేసారి నువ్వెత్తు. నీ లెక్క నిలబడితే నాకు ఈ పాకే. లేకపోతే రోడ్డు మీద కొత్తగా ఇంకో పాక పెట్టారు చూడు, కప్పుతో కొలిచి ఇస్తారు, అక్కడికి పోతా. అక్క మీద గౌరవం లేక కాదు. చెరువులోళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి."

అతను పోతే వెనకే మా దగ్గర కొనే మిగతా ముగ్గురూ పోతారు. నానమ్మ కూర్చునే ఆ పీట మీద ఇక ఎవరూ కూర్చోరు. నాకు మాట్లాడటమే తక్కువ, పాడటం ఇంకా తక్కువ. బడిలో ఉన్నప్పుడు హాజరు పలికినా టీచర్లకి వినబడేది కాదు.

ఆ ఉదయం నానమ్మని పక్కింటావిడ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. పోయేముందు నానమ్మ శంఖాలూ గవ్వలూ ఉన్న చేటని నా ముందుకి జరిపింది.

ఎనిమిదింటికి తస్రిప్ బాబాయ్ లారీతో వచ్చాడు. కావలసినవి రెండు లక్షలు, మా లెక్కలో రెండు వందల వేలు. నలభై బేసిన్లు, బేసినుకి ఐదు వేలు. అన్నిటినీ గిన్నెతో ఎత్తాలంటే రోజంతా చాలదు, పిల్లలు అలిసిపోతాయి. ఒక్క బేసినునే గిన్నెగిన్నెగా లెక్కపెడతాం. దాన్ని తల్లి బేసిను అంటాం. మిగతా ముప్పై తొమ్మిదింటినీ తల్లి పక్కన పెట్టి, చుక్కల చిక్కదనం దానితో సరిపోయేదాకా పిల్లల్ని కలుపుతూ, తీస్తూ ఉంటాం. కళ్ళు పూర్తిగా తెరిచి చూస్తే ఒక్కో చేపా కనబడుతుందనీ, సగం మూస్తేనే రాశి కనబడుతుందనీ నానమ్మ చెబుతుంది. ఆ చూపు నాకు బాగానే పట్టుబడింది. భయమల్లా పాట గురించే.

తస్రిప్ బాబాయ్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని కాఫీ పట్టుకున్నాడు.

"ఒకటోయ్ ఒకటీ... రెండోయ్ రెండూ..."

"గట్టిగా అమ్మాయ్. చేపలకి వినబడితే చాలదు, నాకూ వినబడాలి."

గట్టిగా అన్నాననుకున్నాను.

"ఇప్పుడు ముందు వరస చేపలకి వినబడింది," అన్నాడు.

లారీ డ్రైవరు నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి. కానీ చేతులు ఆగలేదు. మొదటి శంఖం పెట్టేసరికి గొంతు కొంచెం లేచింది. మూడో శంఖానికి తస్రిప్ బాబాయ్ కాఫీ తాగడం మొదలుపెట్టాడు, అంటే నా పాట మీద నిఘా తగ్గిందని అర్థం. నాలుగో శంఖం దాటాక ఎనిమిది గవ్వలు పెట్టాను. పద్నాలుగో గిన్నె వేశాక చూస్తే, వలలో తెచ్చిపెట్టుకున్న పిల్లలు అయిపోయాయి.

లేచి వెనక తొట్టి దగ్గరికి వెళ్ళి ఇంకో వల తేవాలి. తొట్టిని కదిలిస్తే పిల్లలు బెదిరి అడుగుకి పోతాయి, మళ్ళీ పైకి తేలేదాకా ఆగాలి. అప్పటికే ఎండ పాక అంచు దాటి లోపలికి వచ్చింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

"ఎంతయింది?" అన్నాడు తస్రిప్ బాబాయ్.

బల్ల మీద చూశాను. నాలుగు శంఖాలు, ఎనిమిది గవ్వలు. పద్నాలుగు చింతగింజలు పెట్టాను. నాలుగు వేల ఎనిమిది వందల డెబ్భై. పొద్దున్నుంచీ బుర్రలో కిలోమీటరు రాళ్ళే తిరుగుతున్నాయి. ఐదో రాయి అక్కడే, చేతికందేంత దూరంలో ఉంది.

"ఐదు వేలు," అన్నాను.

బహుశా నా నోటి నుంచి అంత స్పష్టంగా వచ్చిన మొదటి మాట అదే. తస్రిప్ బాబాయ్ తల ఊపి లేచాడు.

మిగతావి రెండు గంటల్లో సరిచూశాను. సగం మూసిన కళ్ళతో ఒక్కో బేసినునీ తల్లి పక్కన పెట్టి, అరగిన్నె కలిపి, పావుగిన్నె తీసి, రెండూ ఒకే నలుపు అయ్యేదాకా చూశాను. నా చూపు నిక్కచ్చి. నలభై బేసిన్లూ అచ్చంగా తల్లిలాగే ఉన్నాయి. సంచులు కట్టి, గాలి నింపి, లారీ ఎక్కించారు. తస్రిప్ బాబాయ్ వెళ్తూ, "పాట కొంచెం పెంచాలి, చెయ్యి మాత్రం అక్కదే," అన్నాడు. నేను ఇంట్లోకి వచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మధ్యాహ్నం నమాజు బాంగు అయ్యాక నానమ్మ వచ్చింది. మందుల కవరు మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుంది. నా మొహం చూసి తనలో తనే నవ్వుకుంది. బల్ల వైపు తిరిగేలోగా ఫిర్దా బడి నుంచి వచ్చింది. సంచి విసిరేసి తిన్నగా శంఖాల దగ్గరికే పోయింది. దానికి బల్ల మీదున్న లెక్కని చదవడం సరదా. ఒకప్పుడు నాలుగు శంఖాలూ పద్నాలుగు గింజలూ ఉంటే నాలుగు వందల డెబ్భై అని రాసేది. గవ్వల చోటు ఖాళీగా ఉన్నా అక్కడ సున్నా కూర్చుంటుందని చెప్పడానికి నాకు వారం పట్టింది.

"నాలుగు వేల ఎనిమిది వందల డెబ్భై," అని చదివింది. "ఇవాళ్టి తల్లా అక్కా ఇది?"

"ఊఁ."

"అయితే నాలుగు వేలన్నావా?"

"ఐదు వేలన్నాను."

ఫిర్దా మొహం వెలిగిపోయింది. "ఒప్పే అక్కా. టీచరమ్మకి చూపిస్తే టిక్కు పెడుతుంది. ఎనిమిది వందలు సగం దాటింది గదా, ముందు రాయి..."

అది మాట్లాడుతూనే ఉంది. నానమ్మ బల్ల దగ్గరికి వచ్చి వంగింది. శంఖాల్ని వేలితో ఒక్కొక్కటే తాకింది. తర్వాత గవ్వల్ని. గింజల్ని తాకలేదు.

నాకు అప్పుడు అర్థమైంది.

"ఎన్ని బేసిన్లు?" అంది నానమ్మ.

"నలభై."

"అన్నీ తల్లితో సరిచూశావా?"

"చూశాను. అచ్చంగా."

"అచ్చంగా చూసుంటావు. నీ చూపు నాకు తెలుసు." ఆమె పీట మీద కూర్చుంది. "అంటే తల్లిలో ఉన్న గుంట నలభైటిలోనూ ఉంది."

ఫిర్దా మా ఇద్దరి మొహాలూ చూసి పెన్సిలు తీసింది. ఎవరూ అడగకుండానే నోటుపుస్తకం వెనక పేజీలో వేసింది. ఐదు వేలలోంచి నాలుగు వేల ఎనిమిది వందల డెబ్భై పోతే నూట ముప్పై. నూట ముప్పై నలభైసార్లు.

"ఐదు వేల రెండు వందలు," అంది చిన్నగా. "ఒక బేసిను కంటే ఎక్కువే, అక్కా."

ఫిర్దా ఏదో ఒకటి చేసి బాగుచేయాలనుకుంది పాపం.

"రెండు వందల వేలలో అదెంతలే నానమ్మా. ఉన్నవి నూట తొంభై నాలుగు వేల ఎనిమిది వందలు. నూరు వేలకి సవరిస్తే మళ్ళీ రెండు వందల వేలే వస్తుంది. పదివేలకి సవరిస్తే మాత్రం..." ఆగి లెక్క చూసుకుంది. "నూట తొంభై వేలు. అది వద్దులే. నూరు వేలకే సవరిద్దాం."

నానమ్మ దాన్ని దగ్గరికి లాక్కుని తల మీద చెయ్యి వేసింది. "నువ్వు ఎంతకి సవరించినా చెరువులో ఈదేవి ఈదేవేనే బుజ్జీ. వాటికి మన లెక్కతో పనేంటి?"

ఆ పైన దారి బత్తెం. నానమ్మ ఎత్తితే తల్లి బేసినులో ఐదు వేల మీద రెండు మూడు వందలు ఉండేవి. నేను దారిలో చచ్చేవాటికి ఒక్కటీ ఇవ్వలేదు, పైగా చెప్పిన లెక్కలోంచే కొరికాను. ఒక్క బేసినులో అయితే నూట ముప్పై అన్నది చారెడు నీళ్ళు. తల్లిలో కాబట్టి అది నలభై చోట్ల పుట్టింది.

"నేనిక ఎత్తను నానమ్మా," అన్నాను.

"సరే, మానెయ్. కప్పు కొలుస్తుంది." గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగింది. "కప్పుకి ఒకటి కలిసొస్తుంది. దానికి సిగ్గుండదు. తక్కువ కొలిచినా రాత్రి హాయిగా బోర్లా పడుకుంటుంది."

తర్వాత నా రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకుంది. ఉప్పునీటికి వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడ్డాయి. కొబ్బరినూనె రాసి ఒక్కో వేలూ మెల్లగా నొక్కింది. ఎప్పుడూ తన వేళ్ళకి తను చేసుకునే పని అది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నీ చేతిలో తప్పు లేదు, చూపులో లేదు," అంది. "ఎంత అని వాడడిగినప్పుడు వాడి మొహం చూశావా, బల్ల చూశావా?"

"బల్లే చూశాను."

"చూసి?"

"దగ్గరగా ఉందనుకున్నాను."

"ఎవరికి దగ్గర?"

చేతుల నూనె తుడుచుకుని ఫోను తీశాను. ఫోనులో మాట్లాడటం నాకు ఎదురుగా మాట్లాడటం కంటే కష్టం. తస్రిప్ బాబాయ్ ఎత్తేసరికి వెనక నీళ్ళ చప్పుడు వినిపించింది. అప్పుడే చెరువులో వదులుతున్నారు.

"బాబాయ్, నేను మునాని."

"గట్టిగా చెప్పమ్మా."

"మునాని. తల్లిలో నాలుగు వేల ఎనిమిది వందల డెబ్భయ్యే ఉన్నాయి. నేను ఐదు వేలన్నాను. మొత్తం మీద ఐదు వేల రెండు వందలు తగ్గాయి. దారి బత్తెం కూడా లేదు."

"మళ్ళీ చెప్పు," అన్నాడు.

మళ్ళీ చెప్పాను. రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఫిర్దా చెవులు మూసుకుంది.

"పదిహేనేళ్ళలో ఆ ఇంటి లెక్క నేను రెండోసారి అడగలేదు," అన్నాడు. "అక్క ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు."

"రేపు పొద్దున వస్తా. అక్కే ఎత్తాలి."

"నానమ్మ పాడకూడదు బాబాయ్. గొంతు పూర్తిగా పోతుందన్నారు."

"అయితే పక్కన కూర్చోవాలి. నువ్వెత్తుతుంటే ఆవిడ చూడాలి, చివర్న ఆవిడే లెక్క చెప్పాలి. ఉత్త నీ మాట మీద ఇక నేను తీసుకెళ్ళలేను, మునా. ఏమీ అనుకోకు."

అనుకోవడానికి ఏముంది. అతను చెప్పింది నిజం. ఆ మాటే నానమ్మకి చెప్పాను. విని, ఎనిమిది వేలు సిద్ధం చెయ్యమంది. ఐదు వేల రెండు వందలు మనం బాకీ, మిగతావి పోయిన దారికీ రేపటి దారికీ బత్తెం. "ఎనిమిది వేలూ గిన్నెతోనే. కంటి కొలత వద్దు. ఎదురుగా కూర్చుని వాడు ప్రతి గిన్నే వినాలి," అంది.

మర్నాడు ఆదివారం. ఫిర్దాకి బడి లేదు. శంఖాలు కడిగి, బట్టతో తుడిచి బల్ల పక్కన పేర్చింది. నేను వెనక తొట్టి నుంచి రెండు వలలకి బదులు నాలుగు వలల పిల్లల్ని తెచ్చి పెట్టుకున్నాను. తస్రిప్ బాబాయ్ చిన్న బండి మీద వచ్చాడు, డ్రైవరు లేడు. నానమ్మకి సలాం చెప్పి అదే బకెట్టు మీద కూర్చున్నాడు. ఫిర్దా కాఫీ, అరటికాయ వేపుడు తెచ్చి పెట్టింది. అతను ముట్టుకోలేదు.

"గొంతు ఎట్లా ఉందక్కా?"

నానమ్మ చేత్తో అంతంతమాత్రం అన్నట్టు చూపింది. పీటని నా కుడిపక్కకి, నా మోచేయి తగిలేంత దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"కానివ్వు," అన్నాడు తస్రిప్ బాబాయ్, నన్ను కాదు, ఆమెని చూస్తూ.

నేను మొదలుపెట్టాను. "ఒకటోయ్ ఒకటీ." గొంతు సన్నగా వచ్చింది. అతను ముందుకి వంగాడు, కానీ గట్టిగా అనమనలేదు, ఎగతాళీ చేయలేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది. పక్కన నానమ్మ పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి, నా అంకె కంటే వెంట్రుకవాసి ముందు. నాకు తెలియకుండానే నేను ఆ పెదవుల వెనక నడుస్తున్నాను. ఏడు అని ఆమె పెదవి గుండ్రమైతే నేను ఏడు అంటున్నాను. తస్రిప్ బాబాయ్ కళ్ళు కూడా ఆ పెదవుల మీదే ఉన్నాయి. ఇరవై ఇంటికి. ఒక గవ్వ. ఇరవై ఇంటికి. రెండో గవ్వ.

ఐదో గవ్వ దాటాక గిన్నెలోకి ఆరు పిల్లలు వచ్చాయి. నానమ్మ పెదవులు తర్వాతి అంకెకి వెళ్ళిపోయాయి. ఆమె చూడలేదేమో, చూసీ ఊరుకుందేమో నాకు తెలియదు. నేను మాత్రం ఆగాను. గిన్నె వంచి ఒకదాన్ని వెనక్కి వదిలి, ఐదింటిని బేసినులో పోసి, అప్పుడు పదకొండు అన్నాను. గొంతు నేను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. పాక రేకు కింద కూర్చున్న పిచ్చుక ఎగిరిపోయింది.

నానమ్మ పెదవులు ఆగిపోయాయి. తర్వాతి అంకె నేనే వెతుక్కున్నాను. పన్నెండు. పదమూడు. ఫిర్దా గోడకి ఆనుకుని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. ఇరవై ఇంటికి. ఆరో గవ్వ పెట్టాను.

నానమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. మేకుకి తగిలించిన ముసుగు గుడ్డ తీసి తల మీద వేసుకుంది. గడప దగ్గర చెప్పుల కోసం కాలితో తడుముకుంది.

"అక్కా, ఎక్కడికి?" అన్నాడు తస్రిప్ బాబాయ్ సగం లేచి. "నువ్వుండాలి గదా."

ఆమె గడ్డంతో నన్ను చూపించి రెండో చెప్పు తొడుక్కుంది. అతను నా వైపు తిరిగాడు. నా చేతిలో గిన్నె ఉంది, అందులో ఐదు జతల కళ్ళు తిరుగుతున్నాయి. నేను ఆగలేదు. "మూడోయ్ మూడూ," అని బేసినులోకి వంచి, మళ్ళీ ముంచాను. అతను వాకిలి వైపు ఒకసారి, నా చేతుల వైపు ఒకసారి చూశాడు. తర్వాత మెల్లగా బకెట్టు మీద కూర్చుని, కళ్ళు సగం మూసుకుని వినసాగాడు.

నానమ్మ అతని బండి పక్కనుంచి వీధిలోకి దిగింది. వెనక్కి చూడకుండా మడ అడవి వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.